ఆపిల్ పండు ఊగిన ఉదయం

ఈ కథలో ఒక్క ముక్క కూడా కల్పితం కాదు. అబద్ధమాడితే నాకు నిద్ర పట్టదు.

ఆ రోజు పొద్దున మనస్తత్వశాస్త్రం మాస్టారు కంగారులో రెండు సార్లు స్నానం చేశారు. పదింటికి తనిఖీ అధికారి వస్తున్నారు. మనసును గురించి చదివేదీ శాస్త్రమేనని ఆయన ఒప్పుకుంటే ప్రయోగశాల నిలుస్తుంది. లేదంటే సాయంత్రానికల్లా తాళంచెవి పక్కగది రసాయనశాస్త్రం వాళ్ళ చేతికి పోతుంది. తత్వశాస్త్రం ఇంట్లో ఓ మూల ఒదిగి ఉన్న ఈ చదువు, ప్రయోగశాల పెట్టుకుని వేరు కాపురం వచ్చి నూరేళ్ళు దాటింది. అయినా ఎదురైన వాళ్ళల్లా "తమరెవరు?" అని అడుగుతూనే ఉన్నారు.

ప్రయోగాలకు విద్యార్థులెవరూ దొరకక, అదే కాలేజీలో అటెండరుగా ఉన్న బావమరిదిని మాస్టారు కుర్చీలో కూర్చోబెట్టారు. రెండు నెలలు తర్ఫీదిచ్చారు. నియమం ఒకటే: చూసిన వస్తువు పేరెత్తకూడదు. కంటికి, ముక్కుకి, ఒంటికి ఏమనిపిస్తోందో అదే చెప్పాలి. మనసు లోపలికి తొంగిచూడటానికి తొలినాటి పండితులు కొందరు తొక్కిన దారి అది.

"గ్లాసుని గ్లాసంటే నీకొచ్చిన నష్టమేంటి బావా?"

"అది గ్లాసని నీకు ముందే తెలుసురా. ఇప్పుడు తెలుస్తున్నది తళుకూ చల్లదనమే. ఇవాళ నోరు జారి పేరు చెప్పావో, మీ అక్కతో చెప్తా."

"అక్కతోనా? చచ్చినా చెప్పను."

అధికారి వచ్చారు. కోటు విప్పి వెనక గోడకున్న కొక్కేనికి తగిలించి, మాస్టారి పక్కన కూర్చున్నారు. ఎదురుగా బావమరిది, చేతులు మోకాళ్ళ మీద.

"లోపలేం జరుగుతోందో ఆయన చెప్తే మీరు రాసుకుంటారా? ఇదేం శాస్త్రమండీ? మనిషి చేసేది చూడాలి, కొలవాలి. మిగతావన్నీ కబుర్లు."

"మొదట్నుంచీ ఉన్న తగువే సార్ ఇది," అన్నారు మాస్టారు.

ముందు కొవ్వొత్తి వెలిగించి చూపించారు. "పసుపు. కొన సన్నం," అన్నాడు బావమరిది. బాగానే ఉంది. మాస్టారు ఆ కొవ్వొత్తిని వెనక్కి చూడకుండానే స్టూలు మీద పెట్టారు. స్టూలు సరిగ్గా కోటు కింద ఉంది. తర్వాత ఆపిల్ పండు ఎత్తి, సెకన్లు లెక్కపెట్టే గడియారం మీట నొక్కారు.

"ఎరుపు. నున్నన," అని ఆగాడు బావమరిది. అతని చూపు వాళ్ళ భుజాల మీదుగా వెనక్కి పోయింది. "నారింజ రంగు... పైకి ఊగుతోంది."

"ఆపిల్ ఊగుతోందా?" అన్నారు అధికారి.

"కంటి పాప అదురు సార్! అలాగే అనిపిస్తుంది. ఇంకా?"

"ముక్కులో ఘాటు."

"ఆపిల్‌కి ఘాటేంటండీ?"

"పాత జ్ఞాపకమేదో కలిసింది సార్! నువ్వు చెప్పరా, ఆపకు."

"వెచ్చగా ఉంది. నల్లగా సుడులు. గుండె దడదడ. బావా, చెప్పెయ్యనా?"

"పేరు మాత్రం వద్దు!" అని గద్దించి, ఇంత చక్కటి వర్ణన తన సర్వీసులో వినలేదని మాస్టారు పొంగిపోతూ రాసుకున్నారు.

మంట ఇంటికప్పు దాకా లేచింది. సరే, జానెడు లేచింది. నిద్ర పట్టకపోతే పట్టకపోయింది. మెడ చురుక్కుమన్న అధికారి కేక పెట్టి లేచి, కూజాడు నీళ్ళూ కోటు మీద కుమ్మరించారు. ఒక చెయ్యి పోయి, ఒక చెయ్యి మిగిలింది. కోటుకి లెండి.

"కళ్ళెదుట మంట కనిపిస్తుంటే మంట అనవేమయ్యా!"

"మా బావ పేరు చెప్పొద్దన్నాడండీ."

మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. అధికారి దాన్ని చూళ్ళేదు. గడియారం వైపు చూస్తున్నారు.

"పన్నెండు సెకన్లు. పన్నెండు సెకన్లు ఈ మనిషి వేలైనా కదపలేదు. చేతల్నే నమ్ముకున్నాను కాబట్టి ఏమీ జరగట్లేదనుకున్నాను. మంటంతా ఆయన మాటల్లోనే ఉంది. అయ్యా, మీ శాస్త్రానికి ఈ కుర్చీలోని మాటా కావాలి, ఆ గడియారం కొలతా కావాలి. ఏది తీసేసినా కాలిపోయేది నాలాంటివాడే."

ఆ బల్ల మీదే నివేదిక రాసి, తాళంచెవి మాస్టారి చేతిలో పెట్టి, ఒంటిచేతి కోటుతో వెళ్ళిపోయారు.

ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే, ఆ పన్నెండు సెకన్లు: గడియారానికి ఆ పూట కీ ఇవ్వడం మాస్టారు మరిచిపోయారు.