ఇరవై రెండో మంట

ఉదయం ఆరున్నరకు, బాయిలరులో కాల్చడానికి తెప్పించిన ఎండు చెక్కపేళ్ల గుట్ట మీద పుట్టగొడుగులు మొలిచి ఉన్నాయి.

ఒకటీ రెండూ కాదు, పద్నాలుగు. తెల్లగా, గుండ్రంగా, తమకి కావలసినవన్నీ అక్కడే అమిరాయన్నట్టు నిలబడ్డాయి. లాండ్రీ కార్ఖానా బాయిలరు ఇన్‌చార్జి తన భోజనం క్యారేజీ కింద పెట్టి, గుట్టలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చింది. గుప్పెడు పేళ్లు తీసి పిండితే నీళ్లు కారాయి. షెడ్డుకి పైకప్పు ఉంది. వాన చినుకు పడి ఇరవై అయిదు రోజులైంది.

ఆ రోజు ఆమె వేసుకున్న పథకం చాలా మామూలుది. ఏడింటికి తొట్టి పేళ్లతో నింపాలి, తొమ్మిదింటికి ఆవిరి లేపాలి, పదకొండింటికి సంతకాలు చూడాలి. కార్ఖానా మూడు ఆసుపత్రుల దుప్పట్లు ఉతుకుతుంది. ఏడాది కిందటి దాకా నూనె బాయిలరు మీద నడిచింది. కోత మిల్లుల్లో మిగిలే చెక్క, చెట్లు నరికినప్పుడు మిగిలే కొమ్మలు ఉండగా నూనె ఎందుకని ఆరు నెలలు యజమాని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, చెక్కపేళ్ల బాయిలరు పెట్టించింది ఆమే. దుప్పట్లకి పోగా మిగిలిన వేడితో గోడ అవతల కాలనీలో అరవై ఇళ్లకు వేడినీళ్లు కూడా ఇవ్వవచ్చని చెప్పిందీ ఆమే. మొదట్లో అంతా అన్నట్టే జరిగింది. మూడు వారాలుగా మాత్రం బాయిలరుకి జబ్బు చేసింది. పొగ ఎక్కువ, వేడి తక్కువ. ఇద్దరు కట్టెల కాంట్రాక్టర్లను మార్చినా జబ్బు తగ్గలేదు.

ముందు రోజే యజమాని మర్యాదగా చెప్పాడు. పదకొండింటికి ప్రెషర్ ముల్లు ఏడు చూపిస్తే కాలనీతో పదేళ్ల ఒప్పందం మీద సంతకం. చూపించకపోతే మూలన టార్పాలిన్ కింద ఉన్న పాత నూనె బాయిలరు మీద ముసుగు తీయడం. "దానికి మీట నొక్కే వేలు చాలు. మీ అంత చదువు అక్కర్లేదు" అన్నాడు. ఉద్యోగం పోతుందని ఇంతకన్నా మర్యాదగా చెప్పడం కష్టం.

ఆమె తేమ మీటరు గుట్టలో గుచ్చింది. ఇరవై అయిదు దాటకూడని ముల్లు యాభై నాలుగు దగ్గర ఆగింది. గుట్ట అడుగు నుంచి సన్నని నీటి ధార గచ్చు మీదుగా కాలవలోకి పోతోంది. లెక్క తేలిపోయింది. కట్టె బరువు మీద కొంటారు, నీళ్లకి బరువుంటుంది. ఆమె వెంటనే కాంట్రాక్టరుకి ఫోన్ చేసి, అతను నీళ్లు అమ్ముతున్నాడని, అందులో కాస్త చెక్క కలుపుతున్నాడని చెప్పింది.

ఇది ఫోన్లో తేల్చుకునే విషయం కాదని, తనే వస్తున్నానని అతను అన్నాడు.

ఈలోగా బాయిలరులో పేళ్లు వేసే మనిషికి ఒక ఆలోచన వచ్చింది. అతన్ని అందరూ నిదానం అంటారు. ఆలోచన రావడమే అరుదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. పైకప్పుకి చిల్లులుంటాయేమో చూస్తానని నిచ్చెనెక్కి, రేకుల మీద బోర్లా పడుకుని, ఒక్కొక్క మేకునీ పరీక్షించడం మొదలుపెట్టాడు. నిదానం ఏ పనైనా కదలకుండా చేస్తాడు.

గోడ అవతల మూడో అంతస్తు కిటికీలోంచి ఎవరో చూశారు. పొద్దున్నుంచీ కొళాయిలో చన్నీళ్లే వస్తున్నాయి, పొగగొట్టంలో పొగ లేదు, కార్ఖానా కప్పు మీద ఒక మనిషి చలనం లేకుండా పడి ఉన్నాడు. ఈ మూడూ కలిపితే ఏమవుతుందో అదే అయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. రెండో అంతస్తుకి దిగేసరికి బాయిలరు పేలింది. కింది అంతస్తుకి వచ్చేసరికి అతనికి ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు. నిదానానికి పెళ్లి కాలేదు.

ఎనిమిదిన్నరకు కాలనీ అధ్యక్షురాలు గేటు దగ్గరికి వచ్చింది. తల నిండా షాంపూ నురగ, దాని మీద చుట్టిన తువ్వాలు. వెనక నలభై మంది.

"రెండు విషయాలు అడగడానికొచ్చానమ్మా" అంది ఇన్‌చార్జితో. "పోయినాయన ఎవరు? వేడినీళ్లెప్పుడొస్తాయి?"

పోయినాయన అప్పుడే నిచ్చెన దిగి వచ్చి, కప్పుకి చిల్లులు లేవని చెప్పాడు. ఆవిడ అతన్ని పైనుంచి కింది దాకా చూసి, అయితే రెండోదానికి జవాబు చెప్పమంది.

యజమాని రావడానికి గంట పట్టింది. దారిలో అతనికి పదిహేడు ఫోన్లు వచ్చాయి. అందులో తొమ్మిది సంతాపాలు. ఒప్పందం కాగితాల ఫైలు చంకలో పెట్టుకుని కారు దిగి, గేటు దగ్గర వాచ్‌మన్‌ని చూసి కాస్త ఊరట పొందాడు. ఆ ఆవరణలో నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నది ఆయనొక్కడే.

ఆయన ఇన్‌చార్జికి మామగారు. ఫైర్ స్టేషన్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగిస్తే చాలు, వెనక నీళ్ల చెంబుతో నిలబడేవారు. భోజనాల దగ్గర ఏ మంట ఎలా అంటుకుందో వివరించేవారు. పోరు పడలేక కోడలే ఆయనకి గేటు డ్యూటీ ఇప్పించి, డ్యూటీ మాటలు ఇంట్లో ఎత్తకూడదని షరతు పెట్టింది. షరతంటే ఆయనకి ఆర్డరు. ఇంట్లో ఆమెను "అమ్మాయ్" అనేవారు, గేటు దాటితే "మేడమ్" అనేవారు. చెప్పాల్సిందంతా గేటు రిజిస్టరులో గుండ్రని అక్షరాలతో రాసి, రోజూ ఏడింటికి ఆమె చేత సంతకం పెట్టించుకునేవారు.

విచారణ బాధ్యత ఆయనకే అప్పగించాడు యజమాని. మామగారు టోపీ సర్దుకుని రిజిస్టరు చంకలో పెట్టుకున్నారు. ముందు నిదానాన్ని అడిగారు. తర్వాత, అప్పుడే చేరుకున్న కాంట్రాక్టరుని షెడ్డు స్తంభానికి ఆనించి నిలబెట్టి, ట్రక్కుకి ఎన్ని లీటర్లు కలుపుతావని అడిగారు. తన కళ్లుగప్పి చుక్క నీరు కూడా ఈ గేటు దాటి లోపలికి రాలేదని, కాబట్టి తడి ట్రక్కులోనే వచ్చి ఉండాలని తేల్చారు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు సార్" అన్నారు యజమానితో. "నేను పడతాను."

కాంట్రాక్టరు తన మీటరు తీసి గుట్టలో గుచ్చాడు. అతని మీటరు, ఆమె మీటరు ఒకటే మాట చెప్పాయి. "నా పేళ్లు విరిస్తే చప్పుడొస్తుంది మేడమ్" అన్నాడు. "పిండితే నీళ్లొచ్చే కట్టె నేనెక్కడా చూళ్లేదు, మీ షెడ్డులో తప్ప. ట్రక్కు బయల్దేరింది. అందరి ముందూ కొలవండి. తేడా వస్తే నన్నే బాయిలర్లో వెయ్యండి."

అతను అరవైలో ఉన్నాడు, బాగా ఎండి ఉన్నాడు. ఇన్‌చార్జి ఒక్క క్షణం ఆలోచించకపోలేదు.

పదింటికి ట్రక్కు వచ్చింది. మీటరు ఇరవై చూపించింది. ఆమె మళ్లీ కొలిచింది. ఇరవై. ట్రక్కు సగం నేరుగా తొట్టిలోకి వంపించి, మిగతా సగం షెడ్డు ముందు పోయించింది. బాయిలరు వేడి పూర్తిగా ఆరలేదు కాబట్టి మంట వెంటనే అందుకుంది. పొగగొట్టం ముందు నల్లగా దగ్గి, తర్వాత తెల్లబడి, చివరికి పొగే కనిపించకుండా పోయింది. మంచి మంటకి పొగ ఉండదు. ప్రెషర్ ముల్లు రెండు దాటింది. మూడు. పదిన్నరకు నాలుగు. యజమాని ఫైలు తెరిచాడు, అధ్యక్షురాలు నురగ చేత్తో కలం అందుకుంది. ఇన్‌చార్జి ముల్లు మీంచి కళ్లు తిప్పలేదు. పదిన్నర దాటి పది నిమిషాలు, ముల్లు అయిదు.

అప్పుడు షెడ్డు ముందు కొత్త గుట్ట మీంచి తెల్లటి పొగ లేచింది.

అది పొగ కాదు. చెక్కపేళ్లు వారం రోజులు గుట్టగా పడి ఉంటే లోలోపల తమంత తామే వెచ్చబడతాయి. కదిలించి చల్లగాలిలో పోస్తే ఆవిర్లు కక్కుతాయి. పొద్దుటి పూట మరీను. బాయిలరు పనిలో ఉన్న ఎవరికైనా ఇది తెలుసు. ఫైర్ స్టేషన్లో ముప్పై ఒక్క ఏళ్లు చేసినాయనకి మాత్రం పొగంటే ఒక్కటే అర్థం.

మామగారు పరుగెత్తలేదు. అనుభవం ఉన్నవాళ్లు పరుగెత్తరు. గోడకి చుట్టి ఉన్న లావు గొట్టం విప్పి, కాళ్లు ఎడంగా పెట్టి, జనాన్ని పక్కకి తప్పుకోమని చెప్పి నీళ్లు వదిలారు. గుట్ట తడిసింది. దాని పక్కన యజమాని తడిశాడు. పదేళ్ల ఒప్పందం మూడు ప్రతులూ తడిసి ఒకదానికొకటి అతుక్కున్నాయి. అధ్యక్షురాలి తల నురగ పూర్తిగా వదిలింది.

నిదానం వెళ్లి కొళాయి కట్టేశాడు. అతను జీవితంలో త్వరగా చేసిన పని అదొక్కటే.

మామగారు గొట్టం చుట్టిపెట్టి, రిజిస్టరు తెరిచి, గడియారం చూసి రాసుకున్నారు. యజమాని ముఖం తుడుచుకుని ఆ రిజిస్టరు తీసుకున్నాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు, తర్వాత పైకి చదివాడు. "ఉదయం అయిదూ పది. గుట్టలోంచి పొగ. అరగంట నీళ్లు కొట్టడమైనది. ప్రమాదం తప్పినది." అలాంటివి ఇరవై ఒకటి ఉన్నాయి, రోజుకొకటి. ప్రతిదాని కిందా ఒక సంతకం ఉంది.

"ఈ సంతకం మీదేనా?" అన్నాడు ఇన్‌చార్జితో.

"నాదే సార్."

"చదివారా?"

ఆమె కూడా సంతకం వైపే చూసింది. చదవలేదని సంతకమే చెబుతోంది. ఇంట్లో ముప్పై ఒక్క ఏళ్ల మంటలూ విన్నది, మళ్లీ రిజిస్టరులో కూడా చదవడం ఎందుకని రోజూ చూడకుండా గీకింది. కాంట్రాక్టరు గొంతు సవరించుకుని, తన కన్నా ముందు వెళ్లిపోయిన ఇద్దరు కాంట్రాక్టర్ల క్షేమం అడిగాడు. ఆమె అతనికి చేతులు జోడించింది. ఆ ఇద్దరికీ సాయంత్రం ఫోన్ చేస్తానంది. అతను, అదేదో ఇప్పుడే తన ఎదురుగా చెయ్యమన్నాడు.

అప్పుడు బాయిలరు గదిలోంచి నిదానం తల బయటపెట్టి, ముల్లు ఏడు మీద ఉందని చెప్పాడు. పదకొండుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. గోడ అవతల ఏదో ఇంట్లో కొళాయి తిప్పి చూసినవాళ్లెవరో, వచ్చాయని కేక వేశారు. గేటు దగ్గర నలభై మంది, పోయినాయన సంగతి మర్చిపోయి ఇళ్లకి పరుగెత్తారు.

యజమాని ముల్లునీ, మూలన టార్పాలిన్‌నీ, చేతిలోని ముద్దనీ మార్చి మార్చి చూశాడు. ఆ ఆవరణలో పొడిగా మిగిలిన కాగితం గేటు రిజిస్టరు ఒక్కటే. ఇరవై రెండో మంట కింద గీత గీసి, పదేళ్ల ఒప్పందం నాలుగు వాక్యాల్లో రాసి సంతకం పెట్టాడు. అధ్యక్షురాలు పెట్టింది. ఆ రిజిస్టరు సాక్షి సంతకానికి ఇన్‌చార్జి దగ్గరికి వచ్చింది. ఆమె మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా రెండుసార్లు చదివి పెట్టింది.

ఆ తర్వాత యజమాని మామగారి వైపు తిరిగి, ఇన్నాళ్లూ ఆ నీళ్లు పోసింది తనేనని విచారణప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాడు. మామగారు టోపీ తీసి, కోడలి వైపు చూసి, నిటారుగా నిలబడ్డారు.

"కట్టెలో నీళ్లు ఎవరు కలిపారని అడిగారు గానీ, మంటలు ఎవరు ఆర్పారని ఒక్కరూ అడగలేదు మేడమ్. మంట మీద పోసిన నీళ్లు మంటే తాగేస్తుంది, కట్టెకెందుకు మిగులుతాయి అనుకున్నాను. ఆర్పింది నేనే, ఒప్పుకుంటున్నాను. కానీ ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇంత మొండి మంటని చూళ్లేదు. ఇరవై రెండుసార్లు ఆర్పాను, ఒక్కసారి కూడా కంటికి కనపడలేదు."