ఊఁ కొట్టిన ఏదుపంది

ఒక పెద్ద అడవిలో, మరీ పాతకాలంలో కాదు లెండి, మొన్నమొన్ననే, ఈడొచ్చిన పిల్లలందరికీ కొనుగోళ్ళ పిచ్చి పట్టింది. నక్కయ్య అంగట్లో ఏది పెడితే అది కావాలి. జింకపిల్లకు పులిచారల రంగట, కోతిపిల్లకు రెండో తోకట.

అడవి పంచాయతీ పెద్ద శూలపాణి అనే ఏదుపంది. "ఇళ్ళల్లో మాటల్లేకే ఈ తెగులు" అని తేల్చేశాడు. పొద్దుగూకగానే పెద్దలు మాట్లాడాలి, పిల్లలు ఊఁ కొట్టాలి అని తీర్మానం చేయించాడు. ఊఁ వినబడుతోందో లేదో చూడ్డానికి ఇంటింటికీ ఒక చిలకను తిప్పాడు.

ఇంకేముంది, అడవంతా ఊఁలే ఊఁలు. ఎవరేం విన్నారని మాత్రం అడక్కండి.

శూలపాణి కూతురు ముల్లేశ్వరికి ముళ్ళకు మైనం పట్టించుకోవాలని ఆశ. మైనం పడితే ముళ్ళు ఒంటికి అంటుకుపోయి నిగనిగలాడతాయి, కానీ ఇక లేవవు. ముళ్ళు లేవని ఏదుపంది చిరుతపులికి పలహారమే. ఆ ముక్క కూతురికి చెప్పాడా మహానుభావుడు? వద్దంటే వద్దన్నాడు, అంతే.

రోజూ "మా కాలంలో..." అని మొదలుపెట్టేవాడు. ముల్లేశ్వరి ఎటో చూస్తూ ఊఁ కొట్టేది. చిలక తృప్తిగా ఎగిరిపోయేది.

ఒక సాయంత్రం శూలపాణి మర్నాటి ఉపన్యాసం నెమరేసుకుంటూ కూర్చున్నాడు.

"నాన్నా, మైనం పట్టించుకోనా?" అంది ముల్లేశ్వరి.

"ఊఁ" అన్నాడు.

మర్నాడు కూతురు నున్నగా ఎదురుపడింది. శూలపాణి పరుగున అంగడికి పోయి నక్కయ్య మీద పడ్డాడు.

"ఎవర్నడిగి పూశావురా?"

"తమరు ఊఁ అన్నారటగా, చిలకే సాక్ష్యం. నేనైతే ఎందుకమ్మా అని కూడా అడిగాను."

"ఎందుకట?"

"ముళ్ళ భయానికి పక్కన ఎవరూ కూర్చోరట. కన్నతండ్రి కూడా."

శూలపాణి అక్కడే కూలబడ్డాడు. "నా పక్కన మాత్రం ఎవరు కూర్చున్నారు గనక" అన్నాడు నీరసంగా.

"చెప్పండి బావగారూ" అంటూ నక్కయ్య పీట వేశాడు. పాపం, అన్నేళ్ళ పెద్దరికంలో ఆయన్ను చెప్పమన్నవాళ్ళే లేరు. మధ్యాహ్నం దాకా చెప్పుకున్నాడు. నక్కయ్య వింటూనే చేతిపని కానిచ్చాడు.

ఆ సాయంత్రం నున్నటి తండ్రీ నున్నటి కూతురూ మొదటిసారి ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. ఇద్దరికీ హాయిగా ఉంది.

"అసలు మైనం ఎందుకు వద్దన్నానంటే తల్లీ, చిరుతపులి ఉంది చూశావూ..." అని మొదలుపెట్టాడు శూలపాణి.

"ఊఁ" అని పొద వెనకనుంచి వినబడింది.

నీతి: ఇంట్లో వినే చెవి లేకపోతే అంగడివాడే మేనమామ.