స్నానం చేయని సీసా

ఆ ఉదయం తొకుజో ఒక్కటే పని పెట్టుకున్నాడు: నీళ్ల పరీక్షకు వచ్చే ఆఫీసరును మంచి చేసుకుని సాగనంపడం. పక్క వీధి స్నానశాల గొట్టాల్లో లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి దొరికి తలుపులు మూతపడ్డాయి. ఆవిరితో ఊపిరితిత్తుల్లో దూరి జ్వరం తెప్పించే రకం అది. తాత కట్టిన తన స్నానశాలకూ అదే గతి పడుతుందేమోనని తొకుజోకు తిండి సయించడం లేదు.

సీసాల సంచీతో కోటు మనిషి గడప తొక్కగానే తొకుజో నడుం వంచి దండం పెట్టాడు.

"మా నీళ్ల సంగతి మీరే దిగి చూడాలండీ!"

"నేనా? నేను మీతో ఓ మాట..."

"మాటలు తర్వాత. వీపు రుద్దుతాను, కూర్చోండి."

ఆయన అయోమయంగా కోటు విప్పాడు. తొకుజో వీపు రుద్దుతుండగా, గోడ అవతల ఆడవాళ్ల వైపునుంచి భార్య ఫుసాయె కేక వినబడింది.

"ఏవండీ! ఎవరో పిల్ల, బట్టలతోనే వచ్చి తొట్టిలో సీసా ముంచబోయింది!"

ఒళ్లు కడుక్కోకుండా అందరూ మునిగే తొట్టిలో వేలు పెట్టడమే మహాపచారం. తమ శుభ్రత ఆఫీసరుకు తెలిసిరావాలని తొకుజో గొంతెత్తి అరిచాడు.

"వదలొద్దు! బాగా తోమండి!"

రోజూ స్నానానికొస్తూ ఆ తొట్టికి తనే కాపలా అనుకునే ఉమెనో అవ్వకు ఆ మాట చాలు.

"నేను ఆరోగ్య శాఖ మనిషినండీ!" అంది గోడ అవతలి గొంతు.

"అయితే మరీ బాగా కడుక్కోవాలి. కూర్చో పిల్లా!" అంది అవ్వ.

తొకుజో చేతిలోంచి సబ్బు జారిపోయింది. కోటు మనిషి సంచీలోంచి ఓ సీసా తీశాడు. "అయ్యా, మా కంపెనీ కొత్త షాంపూ..."

కాసేపటికి ఫుసాయె బట్టల్లో, ఎర్రబడిన మొహంతో ఆ అమ్మాయి బయటికొచ్చి కూర్చుంది. తొకుజో నేలకు నుదురు ఆనించేశాడు.

"తప్పయిపోయిందమ్మా! తోమమన్నది నేనే."

"అవ్వ ఆ సీసాతోనే నా తలమీద నీళ్లు పోసింది. ఇక అది పరీక్షకు పనికిరాదు."

"అంటే... మూసేసుకోవాలా?"

"ఎందుకండీ? ఇంకో సీసా ఉంది," అంది. కానీ లేవలేదు. "ఇన్నేళ్లుగా తొట్లలో సీసాలు ముంచుతున్నాను కానీ, నేనెప్పుడూ మునగలేదండీ."

పదిరోజుల తర్వాత ఫలితం వచ్చింది: నీళ్లలో ఏ పురుగూ లేదు. తొకుజో ఆనందం పట్టలేక కళ్లు తుడుచుకుంటుండగానే ఆ అమ్మాయి మళ్లీ పరీక్షకు దిగింది. ఈసారి తువ్వాలు తెచ్చుకుంది, సీసా మాత్రం మరచిపోయింది.