బుస కొట్టే బ్రేకు

కారున్న ప్రతి మనిషికీ జీవితంలో ఒక్కసారైనా బ్రేకు సర్వో లీకవ్వాలి. కంగారు పడకండి, ఇది నా శాపం కాదు, దీవెన!

సర్వో అంటే తెలియని అదృష్టహీనుల కోసం ఒక్క మాట. బ్రేకు పెడల్ ముందు, బానెట్ కింద, నల్లటి గుండ్రటి డబ్బా ఒకటుంటుంది. మా మెకానిక్ జమీర్ దాన్ని బూస్టర్ అంటాడు. మనం మెల్లగా తొక్కితే అది తన బలం కూడా కలిపి కారును ఆపుతుంది. దాని లోపలి రబ్బరు చిరిగిందనుకోండి, తొక్కినప్పుడల్లా కాళ్ల దగ్గర గాలి "స్స్స్" అని బుస కొడుతుంది. పెడల్ మాత్రం సన్నికల్లులా బిగుసుకుపోతుంది.

మా కారు పాతది. ఎంత పాతదంటే, తయారు చేసిన కంపెనీకే దాని పేరు గుర్తులేదు. అలాంటి కారుకి ఈ భాగ్యం పట్టింది!

ముందు ఆరోగ్యం సంగతి చూద్దాం. జనం జిమ్ములకెళ్లి చెమటలు కక్కుతున్నారు కదా? తెనాలి మార్కెట్ నుంచి చెంచుపేట దాకా నా కారు నడిపి చూడమనండి. నెల తిరిగేసరికి నా కుడికాలు పహిల్వాన్‌ది అయింది. ఎడమకాలు మాత్రం ఇంకా నాదే. పంచె కట్టినప్పుడు ఇద్దరు మనుషులు నడుస్తున్నట్టు ఉంటుందని మా ఆవిడ సునీల అంటుంది.

ఇక భక్తి. గేదె అడ్డమొస్తే మీరంతా హారన్ కొడతారు. నేను ఆంజనేయ దండకం అందుకునేవాణ్ణి. అది పూర్తయ్యేలోపు కారు ఆగేది, లేదా గేదె తప్పుకునేది. ఎలా చూసినా పుణ్యమే!

దాంపత్యం మాటేమిటి? పక్క సీట్లో కూర్చున్న సునీల, తన కాళ్ల కింద పెడల్ లేకపోయినా, నాతోపాటే బలంగా తొక్కేది. పెళ్లయ్యాక మేమిద్దరం ఒకే మాట మీద చేసిన పని అదొక్కటే.

కానీ అసలు లాభం వేరే ఉంది. అది చెప్పాలంటే నా నోటి గురించి చెప్పాలి.

నా నోటికి పుట్టుకతోనే ఒక జబ్బు. "ఇవ్వను" అనే మాట అందులోంచి రాదు. ఎవరేం అడిగినా "ఓ, దానికేం భాగ్యం!" అంటుంది. అందువల్ల కారు కాగితాలు నా పేరు మీద, కారు మాత్రం వీధి పేరు మీద ఉండేవి. దుగ్గిరాల నుంచి పసుపు బస్తాలు తెచ్చేది మా కారే. నిజాంపట్నం నుంచి రొయ్యలు తెచ్చేదీ మా కారే. ఆ పసుపుకీ ఆ రొయ్యలకీ ఉప్పూకారం కలిపితే కూర అయ్యేది, సీట్లకు అంత వాసన!

పాపం, సునీలకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. సొంత కారులో, మేమిద్దరమే, బాపట్ల దగ్గరి సూర్యలంక వెళ్లి సముద్రం చూడాలని. అదేమన్నా గొంతెమ్మ కోరికా? ప్రతి ఆదివారం తెల్లవారేసరికి పులిహోర కలిపేది. పొద్దెక్కేలోపు ఎవరో ఒకరు వచ్చి కారు పట్టుకెళ్లేవారు. మేం అరుగు మీద కూర్చుని, ముందున్న సైడు కాలువ చూస్తూ ఆ పులిహోర తినేవాళ్లం. అలలు లేవన్న మాటే గానీ, దోమలకు లోటు లేదు.

అలాంటి ఒక ఆదివారం, మా వీధి చివరింటి బసవేశ్వరరావు తన బావమరిది పెళ్లిచూపులకని కారు తీసుకుని రేపల్లె బయల్దేరాడు. కారు నిండా చుట్టాలు, వాళ్ల గోలలో ఏ చప్పుడూ వినబడలేదు. వేమూరు దాటాక మేక అడ్డమొచ్చింది. ఈసారి బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు.

స్స్స్!

"అమ్మో, పాము!" అన్నాడట. అంతే, నాలుగు తలుపుల్లోంచీ నలుమూలలకీ దూకారు. కారు ఎవరి సాయమూ లేకుండా నింపాదిగా వెళ్లి గడ్డివాముకి ఆనుకుని ఆగింది. దగ్గరికెళ్లే ధైర్యం ఎవరికుంది? చివరికి చుట్టాల్లో ఒక పెద్దావిడ, మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి ఎవరో మొక్కు మర్చిపోయారని తేల్చింది. పెడల్ దగ్గర స్టీలు గ్లాసుతో పాలు పెట్టారు. అవి ఒలికి మ్యాటు తడిసింది. స్వామి తాగేశాడన్నారు. పెళ్లికొడుకు బస్సులో వెళ్లాడు.

సాయంత్రం కారును ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి, తాళాలు తిరిగివ్వడానికి వచ్చిన బసవేశ్వరరావు గుమ్మం అవతలే నిలబడ్డాడు. "బాబాయ్, మీ కారులో నాగేంద్రుడు ఉన్నాడండి. కళ్లారా విన్నాను!" అన్నాడు.

"పాము కాదయ్యా, అది బూస్..." అనబోయాను. సునీల నా కాలు తొక్కింది. ఆ బ్రేకు మాత్రం భలే పట్టింది! ఠక్కున ఆగిపోయాను.

ఆ రోజు నుంచి మా ఇల్లు స్వర్గం. కారు అడిగినవాడు లేడు. అడక్కపోగా, పొద్దున్నే బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్లేవారు. ఇప్పుడు చెప్పండి, లీకైన సర్వో వరమా కాదా?

చిక్కల్లా ఒకటే. ఆదివారం కారు మా ఇంటిముందే ఉంది. పులిహోర ఉంది. కానీ ఆ బ్రేకుతో బాపట్ల దాకా వెళితే, సముద్రం దగ్గర ఆగుతామో, సముద్రంలో ఆగుతామో!

"ఏవండీ, మనకి బ్రేకూ ఉండాలి, పామూ ఉండాలి" అంది సునీల.

చీకటిపడ్డాక కారును నత్తనడకన జమీర్ షెడ్డుకి చేర్చాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని కొత్త సర్వో వేయించాను. కానీ తెనాలిలో రహస్యం నిమ్మకాయ లాంటిది, మార్కెట్‌కి రాకుండా ఉండదు. జమీర్ ఒట్టు తప్పలేదు, సర్వో మాట ఎత్తలేదు. టీకొట్టు దగ్గర, "సార్ కారులో పాముని పట్టింది నేనే!" అని మాత్రం చెప్పుకున్నాడు.

ఆదివారం వచ్చింది. సునీల కొత్త చీర కట్టుకుని, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను కారు స్టార్ట్ చేశాను. కిటికీలో బసవేశ్వరరావు మొహం ప్రత్యక్షమైంది.

"బాబాయ్, పాము పోయిందంటగా! రేపల్లె వాళ్లు మళ్లీ రమ్మన్నారండి. ఒక్కపూట ఇస్తే..."

సునీల నా వైపు చూడలేదు. డబ్బాను మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఈ దిక్కుమాలిన నోరు ఊరుకుంటేగా! "ఓ, దానికేం భా..." అంటూ బ్రేకు మీద కాలు వేశాను.

స్స్స్!

కొత్త సర్వో అప్పుడే పోయిందా? పెడల్ వెన్నలా దిగిందే! పక్కకి చూశాను. సునీల ఎదురుగా అద్దంలోంచి రోడ్డు చూస్తోంది. పెదాలు కాస్త విచ్చుకుని ఉన్నాయి, అంతే.

బసవేశ్వరరావు లెంపలేసుకుంటూ రెండడుగులు వెనక్కేశాడు. "బాబాయ్... జంటపాము!"

సూర్యలంకలో అలలు చూస్తూ పులిహోర తిన్నాం. దోమలు లేక కాస్త వెలితిగా అనిపించింది గానీ, బాగుంది. సునీల అంత నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. చూస్తుంటే సిగ్గేసింది. పదహారణాల ఆడమనిషి, మొగుడి నోట్లోంచి రావాల్సిన ఒక్క మాట కోసం పాము అవతారం ఎత్తాల్సి వచ్చింది! చిరిగిన రబ్బరు మార్చడానికి జమీర్ ఉన్నాడు. నా నాలుక మార్చే షెడ్డు ఎక్కడుంది?

"ఇక్కడెవరూ లేరుగా, ఒక్కసారి 'ఇవ్వను' అనండి చూద్దాం" అంది సునీల.

సముద్రం వైపు తిరిగి గట్టిగా అన్నాను. "ఇవ్వను!" బ్రహ్మాండంగా వచ్చింది. మళ్లీ అన్నాను, ఇంకా బాగా వచ్చింది.

ఇంతలో ఫోన్ మోగింది. బసవేశ్వరరావు.

"బాబాయ్, కారు సరేనండి. మీ ఇంట్లో నిచ్చెన ఉండాలిగా?"

"ఓ, దానికేం..." అంటూ సునీల వైపు చూశాను. ఆవిడ అప్పటికే గుండెలనిండా గాలి పీల్చుకుంటోంది.