హన్మంతు కట్టిన సాగరం

వంటింటి మోరి కారుతోందని ఏడ్చేవాళ్లను చూస్తే జాలి వేస్తుంది. కారే మోరి మహాభాగ్యమండీ! దాన్ని మించిన భాగ్యం ఇంకొకటుంది. మేస్త్రిని పిలవకుండా ఆ మోరిని స్వహస్తాలతో బాగుచేసే భర్త! ఈ రెండు భాగ్యాలూ ఒక్కసారే దక్కిన ఇల్లాలు ఎల్లారెడ్డిలో ఒకామె ఉండేది. పేరు రాజమణి.

గిన్నెలు తోమిన నీళ్లు, వంటింటి మూల చిన్న గట్టు కట్టిన జాలారులోంచి మట్టి గొట్టం గుండా వీధిలోకి పోవాలి. అదే మోరి. గొట్టం గోడలోనే పగిలింది. నీళ్లు వీధికి పోవడం మాని గోడలోకి దిగాయి. ఆ గోడకే ఆనుకొని విత్తనపు జొన్నలు దాచిన వెదురు గుమ్మి ఉంది. దాన్ని జరుపుదామంటే అత్త రాములవ్వ ఒప్పుకోదు. పొలంలో విత్తనాలు చల్లే రోజు దాకా ఆ గుమ్మిని ముట్టుకోకూడదని ఆ ఇంటి ఆచారం. రాజమణి రోజూ గోడను అరచేత్తో తడిమి చూసేది. చెమ్మ రోజుకింత పైకి పాకేది.

"వెంకటి మేస్త్రిని పిలువుండ్రి. ఇత్తనాలు ముక్కిపోతే ఏం అలుకుతం?" అంది మొగుడితో.

"మేస్త్రి ఎందుకే? నేను సాగర్ సూసొచ్చిన!" అన్నాడు హన్మంతు.

అదీ అర్హత! తహసీలు కచేరీలో గుమాస్తా అయిన హన్మంతు, కొత్తగా కట్టిన నిజాంసాగర్‌ను బండి కట్టించుకొని పోయి ఒక పూట చూసివచ్చాడు. కట్ట మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. మధ్యలో కూర్చొని పులిహోర తిన్నాడు. ఇంజనీరు కావడానికి ఇంకేం కావాలి?

పంచె ఎగగట్టి పనిలో దిగాడు. దిగాడంటే, పీట మీద కూర్చున్నాడు. సున్నం నూరింది రాజమణి. దీపం పట్టుకున్నది రాజమణి. సున్నంలో బెల్లం కలిపితే గట్టిపడుతుందని ఆయన ఎక్కడో విన్నాడు. నిజమే, పాతకాలపు మేస్త్రీలు కలిపేవారు, కాస్తంత. కాస్తంతతో సరిపెట్టుకోవడం హన్మంతు హోదాకు తక్కువ కాదూ? కామారెడ్డి నుంచి తెచ్చిన బెల్లం ముద్దలో సగం కొట్టించి కలిపించాడు. పగులుకు మెత్తి, మీసం దువ్వుకున్నాడు.

"ఇనుమైతది సూడు!"

తెల్లారేసరికి ఊళ్లో ఉన్న చీమలన్నీ విందుకు వచ్చాయి. బెల్లం తిన్నాయి, సున్నంలో బాటలు వేసుకున్నాయి, అంతా పొడిపొడి చేసి పోయాయి. మోరి మునుపటికంటే జోరుగా కారింది. హన్మంతు సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? అంత చిన్న మనసు కాదు ఆయనది! ఈసారి గొట్టం నోట్లోనే రాళ్లూ సున్నమూ దట్టించి పూర్తిగా మూసేశాడు.

కారడం ఆగింది! ఎందుకు ఆగదు? పోయే దారే లేని నీళ్లు ఎక్కడ కారుతాయి?

ఆనాటి నుంచి జాలారు నీళ్లను చెంబుతో బొక్కెనలోకి తోడి, నడింట్లోంచి మోసుకుపోయి వీధిలో పారబోయడం రాజమణి పని అయింది. తోడడం ఆపితే నీళ్లు గట్టు దాటి గుమ్మి కిందికి పోతాయి. అందుకే పొద్దునా మాపూ మోసింది. నడుము పట్టేసినా మోసింది. హన్మంతు మాత్రం కచేరీలోని వాళ్లను ఇంటికి పిలిచి మరీ చూపించాడు.

"సుక్క కారుతున్నదా సూడుండ్రి!"

"వహ్వా, హన్మంతూ!" అన్నారు వాళ్లు. అప్పుడే రాజమణి మురికి నీళ్ల బొక్కెనతో వాళ్ల మధ్యలోంచి దాటిపోయింది. తడుస్తాయేమోనని ఒకాయన కాళ్లు ముడుచుకున్నాడు. అంతకంటే ఎవరూ ఏమీ గమనించలేదు.

గమనించింది రాములవ్వ ఒక్కతే. మరునాడు కొడుకు కచేరీకి పోగానే కోడలి చేతిలోంచి బొక్కెన లాక్కుంది.

"పా బిడ్డా, ఇత్తనాలు నా అర్రల పోద్దాం. ఆచారం సంగతి నేను సూసుకుంట."

రాజమణికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సాయంత్రానికి జొన్నలన్నీ అత్త గదికి చేరాయి, గుమ్మి ఖాళీ అయింది.

ఆ వారంలోనే హన్మంతు తన పనితనం చూసినవాళ్లకు భోజనాలు పెట్టాడు. వంటకు కడిగిన గిన్నెల నీళ్లన్నీ జాలారులోనే ఉన్నాయి. రాజమణి బొక్కెన ముట్టుకోలేదు. నీళ్లు గట్టు దాటాయి, గడప దాటాయి, నడింట్లో విస్తళ్ల కిందికి చేరాయి. కచేరీ కచేరీ అంతా పంచెలు ఎత్తుకొని లేచి నిలబడింది.

"ఈ నీళ్లేందే?" అని అరిచాడు హన్మంతు.

"సాగర్ నిండింది. తూములెత్తుండ్రి, ఇంజనీరుసాబ్!" అంది రాజమణి, పొయ్యి ముందు నుంచి లేవకుండానే.

మరునాడు వెంకటి మేస్త్రి వచ్చాడు. పిలిచింది రాములవ్వ.

అయ్యా, మగ మహారాజులారా! మీ వంటింటి మోరి కూడా చుక్క కారడం లేదా? సంతోషం. నలుగురిని పిలిచి చూపించుకునే ముందు, ఆ నీళ్లను ఎవరు మోస్తున్నారో ఒక్కసారి చూసి రండి.