విశ్వనాథన్ ఇంట్లో అస్తివారం

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ రాజ్‌మోహన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో తవ్వించిన గుంతలో కాంక్రీటు పోయించాలి. దాని మీద స్తంభం లేపి, స్తంభం మీద టెలిస్కోపు బిగించాలి. మధ్యాహ్నం భోజనానికల్లా చేతులు కడుక్కోవచ్చనుకున్నాడు. తమిళ సీమలోని ధర్మపురిలో పాత్రల అంగడి నడిపే మనిషికి గ్రహాలతో ఏం పని అని అడిగేవాళ్ళకు ఆ ఊళ్ళో కొదవ లేదు. వాళ్ళలో మొదటి మనిషి అతని భార్య వినోదిని.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అనేది ఆమె.

ఇప్పుడున్న మూడుకాళ్ళ స్టాండు మీద టెలిస్కోపు నిలబడేది గానీ కుదురుగా ఉండేది కాదు. గురుగ్రహం చక్కగా కనబడే సమయానికి వినోదిని బిందె ఎత్తుకుని అటుగా నడిచేది, పాపం గురుగ్రహం చిందులేసేది. నేలలో లోతుగా దిగిన కాంక్రీటు దిమ్మ అయితే కదలదని రాజ్‌మోహన్ నెలల తరబడి బతిమాలాడు. చివరికి ఆమె ఒక షరతు మీద ఒప్పుకుంది.

"గుంత ఒకటే. అది సరిగ్గా రాకపోతే పూడ్చేసి కరివేపాకు చెట్టు పెడతాను. ఇంగో గుంత మాట ఎత్తకూడదు."

మేస్త్రి అన్నామలై ఇంకో షరతు పెట్టాడు. కాంక్రీటు పోయడం మొదలుపెడితే గుంత నిండేదాకా ఆపకూడదట. సగంలో ఆపితే కింది సగం బిగుసుకుపోయి, పైసగం దానికి అతకదట. అలాంటి దిమ్మ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. రాజ్‌మోహన్ ఇద్దరికీ తలూపాడు.

ఇంటిపెద్ద, రాజ్‌మోహన్ తండ్రి విశ్వనాథన్ మాత్రం ఏ షరతూ పెట్టలేదు. ఆయన దిగులు వేరు. "నేను పోతే ఎవుడు వస్తాడురా? మీ అన్న అంగడి మూసి వస్తాడా? బేరాలన్నీ అయినంక వస్తాడు" అని పూటకోసారి అనకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు. పెద్దకొడుకు బాలాజి మొరప్పూర్‌లో వేరే అంగడి పెట్టుకున్నప్పటి నుంచీ ఇదే పాట. సొంత కూతురికి చెవులు కుట్టించిన రోజున కూడా బాలాజి అంగడి మూయలేదన్న మాట నిజమే. ఆ పొద్దున కూడా పాట పాడేసి, పెద్దాయన క్షవరానికి బజారుకు వెళ్ళాడు.

అసలు చిక్కు ముందురోజే పడింది. కారిమంగళంలో ఉన్న ఆడపడుచు, అంటే రాజ్‌మోహన్ అక్క మేనక, వీళ్ళను ఆదివారం భోజనానికి పిలిచింది. రాలేమని చెప్పడానికి వినోదిని ఫోన్లో మాట రికార్డు చేసి పంపింది. "వదినా, రేపు ఇంట్లో అస్తివారం పెట్టుకున్నాము. మేము రాలేము. ఏమీ అనుకోవద్దు."

పునాదిని తమిళంలో అస్తివారం అంటారు. తరతరాలుగా తమిళం మధ్య బతుకుతున్న ఆ తెలుగు ఇళ్ళలోనూ అదే మాట. మేనక దాన్ని కూరగాయల మార్కెట్లో, టమేటాల బేరం మధ్య విన్నది. ఆమె చెవికి అది రెండు ముక్కలుగా చేరింది. ఆస్తి ఒకటి, వారం ఒకటి. వారమంటే వాళ్ళ వాడుకలో వాటా. అంటే పుట్టింట్లో ఆస్తి వాటాలు వేస్తున్నారు. అనుమానం తీరడానికి చివర్న "ఏమీ అనుకోవద్దు" అని ఉండనే ఉంది. అనుకోవలసింది ఏదో ఉంటేనే కదా ఎవరైనా ఆ మాట అనేది.

రాత్రంతా అనుకుని, ఆదివారం పొద్దున్నే మేనక ధర్మపురి బస్సెక్కింది. దారిలో పుట్టింటి పక్కింటి తాయమ్మకు ఫోన్ చేస్తే, పెరట్లో గుంత తవ్విన మాట నిజమేనంది. పెరడును రెండు చేసే గోడకే అయి ఉంటుందని మేనక తేల్చుకుని, బస్సు హోరులోనే బాలాజికి ఫోన్ కొట్టింది. "అన్నా, నాయన ఆస్తి! పెరట్లో గుంత గూడా తవ్వేసినారు. అంతా అయిపోతా ఉండాది, వెంటనే రా."

ఆ హోరులో బాలాజికి అన్నీ వినబడ్డాయి, ఒక్క దీర్ఘం తప్ప. ఆస్తి కాస్తా అస్తి అయింది. అస్తి అంటే చితి ఆరాక ఏరుకునే ఎముకలు. తండ్రి పోయాడు, దహనం అయిపోయింది, అస్తి పూడ్చడానికి గుంత కూడా సిద్ధమైంది. తనకు మాత్రం ఇప్పుడు చెప్తున్నారు. బాలాజి అలాగే నేల మీద కూలబడ్డాడు. తరవాత లేచి అంగడి మూసేశాడు.

ఇక్కడ పెరట్లో కాంక్రీటు సగం గుంతకు వచ్చేసరికి మేనక దిగింది.

"ఏమిరా రాజా, నాకు చెప్పకుండా వారాలేస్తారా?"

"ఏ వారం అక్కా? ఇది టెలిస్కోపుకు."

"ఆడబిడ్డంటే అంత అలుసైపోయినానా?"

వినోదిని వచ్చి ఆ రికార్డు మళ్ళీ వినిపించింది. మేనక మొదటిసారి ఆ మాటను పూర్తిగా విని, మంచినీళ్ళు అడిగి తాగింది. "అన్నకు గూడా చెప్పినానే. కోపంగా వస్తాడేమో" అంది నసుగుతూ.

బాలాజి కోపంగా రాలేదు. గులాబీల మాలతో, వ్యాను నిండా మొరప్పూర్ బంధువులతో, ఏడుస్తూ వచ్చాడు. "నాయనా, నన్ను కొరివి గూడా పెట్టనీలేదే" అని గోడకు తల ఆనించాడు. వెంట వచ్చిన ఆడవాళ్ళు వాకిట్లో కూర్చుని శోకాలు మొదలుపెట్టారు.

రాజ్‌మోహన్ గేటు వంక చూశాడు. క్షవరానికని వెళ్ళిన తండ్రి ఇంకా రాలేదు. బజారు దారిలో సేలం బస్సులు ఎలా పోతాయో అతనికి తెలుసు. తనకు తెలియకుండా అన్నకు ముందే కబురందిందనుకున్నాడు.

"ఎక్కడన్నా? రోడ్డులోనా?"

"నన్ను అడుగుతావేమిరా? నువ్వు గదా దగ్గరుండేవాడివి."

దాంతో రాజ్‌మోహన్‌కు అనుమానం మిగల్లేదు. అన్నను పట్టుకుని అతనూ ఏడ్చాడు. మేనక, వినోదిని వాళ్ళకు తోడయ్యారు. చావింట్లో పని చేయకూడదు గనుక అన్నామలై తలకు చుట్టిన తువ్వాలు విప్పి, చేతులు కడుక్కుని, తన మనుషులతో పెరటి దారిన వెళ్ళిపోయాడు. గుంత సగంలో ఉండిపోయింది.

అప్పుడొచ్చాడు విశ్వనాథన్, నున్నగా గీయించుకున్న చెంపలతో. ఇంటిముందు జనాన్ని చూసి, గేటు దగ్గర నిలబడిన మొరప్పూర్ మనిషిని అడిగాడు.

"ఎవరు పోయినారు నాయనా?"

"బాలాజి వాళ్ళ నాయన. విశ్వనాథన్ అని."

"అట్లానా."

"శానా మంచి మనిషంట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటా ఉండారు."

పెద్దాయనకు ఆ సంగతి ఇంకాస్త వినాలనిపించింది. మెల్లగా లోపలికి వచ్చి పెద్దకొడుకు వెనక నిలబడ్డాడు. "ఎన్నిసార్లు పిలిచినాడు, అంగడి అంగడి అని రాకుండా పోయినానే" అని బాలాజి గోడకు చెప్పుకుంటున్నాడు. వింటున్న తండ్రి కళ్ళు చెమర్చాయి.

"అంగడి మూసినావా రా?" అన్నాడు.

"మూసినాను నాయనా" అన్నాడు బాలాజి, తల ఎత్తకుండానే.

ఒక్కసారిగా శోకాలు ఆగిపోయాయి. బాలాజి వెనక్కి తిరిగి తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు. రాజ్‌మోహన్ తండ్రి చెంపలు తడిమి చూసుకుని మళ్ళీ ఏడ్చాడు, ఈసారి సంతోషంతో. పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టుంది అతనికి. ఎవరు ఏం విన్నారో, ఎవరికి ఏం చెప్పారో తేలేసరికి కొంచెం సేపు పట్టింది. తేలాక అందరూ మేనక వంక చూశారు, మేనక వినోదిని వంక చూసింది. వినోదిని మాత్రం గుంత వంక చూసి, "ఆగిపోయింది గదా. కరివేపాకు చెట్టు తెప్పిస్తాను" అంది.

రాజ్‌మోహన్ పెరట్లోకి పరిగెత్తాడు. కలిపిపెట్టిన కాంక్రీటు ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు, కానీ మోసే మనుషులు లేరు.

"వచ్చినవాళ్ళు ఊరికే నిలబడితే ఎట్లా? నా కోసం వచ్చినారు గదా, తట్టలు పట్టండి" అన్నాడు విశ్వనాథన్.

చావుకని తెల్లపంచెలు కట్టుకొచ్చిన బంధువులు వరసగా నిలబడి తట్టలు అందించారు. మేనక కొంగు బిగించి, పోసింది పోసినట్టు కడ్డీతో కూరింది. బాలాజి వంగి, స్తంభం బిగించే బోల్టులు నిటారుగా పట్టుకున్నాడు. పూడ్చడానికి వచ్చిన జనమే గుంతను అతుకు లేకుండా నింపేశారు. సాయంత్రం అన్నామలై తన వంతు మాల పట్టుకుని వచ్చేసరికి, పోయిన మనిషి బాలాజి తెచ్చిన గులాబీల మాల మెళ్ళో వేసుకుని, ఆరుతున్న దిమ్మ పక్కన కుర్చీలో కాఫీ తాగుతున్నాడు.

"నేను పోతే ఎవుడెవుడు వస్తాడో కండ్లారా చూసినాను. ఇంగ నిమ్మళంగా పోతానురా" అన్నాడు ఆయన, తృప్తిగా.

మర్నాడు పొద్దున్నే గుండె, రక్తం, కళ్ళు అన్నీ పరీక్ష చేయించుకోవడానికి సేలం బస్సెక్కాడు.