మూత లేని గుంతకు ఫెలోషిప్

యూనివర్సిటీ ఫెలోషిప్‌ను మించిన ప్రజాసేవ ఈ లోకంలో మరొకటి లేదు. నవ్వకండి! కైరోలో, షుబ్రా సందుల్లో పుట్టి పెరిగినవాణ్ణి. ఊరికే అంటానా?

మా సందు మధ్యలో ఒక మురుగు గుంత ఉంది. దాని ఇనప మూతను ఎవరో మహానుభావుడు ఎత్తుకుపోయాడు. పక్కనే పొద్దున్నపూట తామియా వడలు వేసి అమ్మే ఉమ్మ్ షౌఖీ మొగుడు అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆవిడ మునిసిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఇంజనీరు తలెత్తకుండా "రేపు, ఇన్షా అల్లా" అనేవాడు.

ఇంతలో, చదువుకు గౌరవంగా మేమంతా డాక్టరుగారని పిలిచే ప్రొఫెసర్ వగ్దీగారికి ప్రజా వ్యవహారాల మీద పరిశోధనకు ఫెలోషిప్ వచ్చింది. పాఠాలు చెప్పే బాధ తప్పింది. అంశం ఏమిటనుకున్నారు? మా గుంత! రోజూ కుర్చీ వేసుకుని కూర్చుని, జనం దాన్ని ఎలా తప్పుకుంటున్నారో శ్రద్ధగా రాసుకునేవారు.

ఒకరోజు ఉమ్మ్ షౌఖీ ఓ చెక్కపలక తెచ్చి గుంత మీద వేయబోయింది. ఆయన కుర్చీలోంచి లేచి, పెద్దావిడల్ని గౌరవంగా పిలిచే పిలుపుతో అడ్డుపడ్డారు.

"అయ్యో హజ్జా, ముట్టుకోకు! నా పరిశోధన పాడవుతుంది."

"మా ఆయన కాలు పాడైనప్పుడు నీ పరిశోధన ఎక్కడ నిద్రపోయిందయ్యా డాక్టరూ?"

"అదీ రాసుకున్నాను తల్లీ. మొదటి అధ్యాయం ఆయనదే."

ఇంతకన్నా గౌరవం ఏం కావాలి? విరిగిన కాలికి అధ్యాయం దక్కే యోగం అందరికీ ఉంటుందా?

తర్వాత, ఫెలోషిప్ ఇచ్చిన పెద్దలు గుంతను కళ్లారా చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. అంతే! గోడలకు సున్నం, సందు పొడుగునా పూలకుండీలు, గుంత మీద నిగనిగలాడే కొత్త మూత! ఇంజనీరు స్వయంగా చీపురు పట్టాడు. వగ్దీగారు లబోదిబోమన్నారు.

"నా గుంత ఏదయ్యా? వాళ్లకేం చూపించను?"

"గుంత కనిపిస్తే నా ఉద్యోగం ఊడుతుంది డాక్టరుగారూ! వాళ్లటు వెళ్లగానే మూత పట్టుకుపోతాం. మీ గుంత మీకే."

ఈ మాట ఉమ్మ్ షౌఖీ చెవిన పడింది. పొయ్యి, మూకుడు, పీట తెచ్చి సరిగ్గా ఆ మూత మీదే దుకాణం పెట్టింది. పెద్దలు వచ్చారు, వేడివేడి తామియా తిన్నారు, బ్రహ్మాండమన్నారు, వెళ్లారు. వెనకే లారీ వచ్చింది. కుండీలు ఎక్కించాక ఇంజనీరు ఆవిడ దగ్గరికొచ్చాడు.

"ఇక లే హజ్జా."

"లేపు చూద్దాం! మా ఆయన కాలు పోతే వచ్చిన మూత ఇది. నీ అబ్బ సొమ్మా?"

ఇంజనీరు మూకుడులో సలసల కాగుతున్న నూనెను చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. మూత ఇప్పటికీ మా సందులోనే ఉంది. తన పరిశోధన వల్లే పౌరుల్లో చైతన్యం పొంగిందని వగ్దీగారు నివేదిక రాశారు. ఫెలోషిప్ పొడిగించారు కూడా.

అందుచేత ఓ విశ్వవిద్యాలయాల్లారా, మీకో విన్నపం. మా సందు కుళాయి ఎండిపోయి చాలా కాలమైంది. బాగుచేయించమని అడగను, అంత అత్యాశ మాకు లేదు. దాని మీద పరిశోధన చేయండి చాలు. చూడడానికి ఎవరో వస్తున్నారని ఇంజనీరు చెవిన ఒక్క మాట వేయండి. మేం రోజూ చూస్తూనే ఉన్నాం. కాని మేం చూస్తే అది చూసినట్టు కాదట!